చెద పట్టని నూనె

మా ఆయన ఒంటికి చెద పట్టదని ఊళ్లో ఒక మాట ఉండేది. ఎగతాళికి పుట్టిన మాటే. ఆయన మాత్రం దాన్ని బిరుదులాగా మోసుకుని తిరిగాడు.

మాది ఉరవకొండ దిక్కు పల్లె. ఈ నేలలో వాన రాకపోయినా చెదలు వస్తాయి. దూలం తింటాయి, గడప తింటాయి, మూల నిలబెట్టిన విత్తనాల గొర్రును తింటాయి. మా ఇంటిని మాత్రం తినలేదు. కారణం మా ఆయన తెచ్చే నూనె. కాలిపోయిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లను విప్పి బాగుచేసే షెడ్డులో ఆయన పని. ట్రాన్స్‌ఫార్మర్ కడుపులో నూనె ఉంటుంది. కాలినప్పుడు అది నల్లబడుతుంది. ఆ పాతనూనె కొంచెం సీసాలో పోసుకుని ఇంటికి తెచ్చేవాడు. తలుపులకు పూశాడు, దూలాలకు పూశాడు, నులకమంచం కోళ్లకు పూశాడు. పూసినచోట చెద ఆగిపోయింది. పురుగు రాలేదు, బూజు రాలేదు. అది చూసి ఆయనకొక ఆలోచన పుట్టింది. కట్టెను ఇంత బాగా కాపాడే నూనె మనిషిని కాపాడదా అని.

అప్పటినుంచి రోజూ పని దిగి వచ్చి, ఉడుకునీళ్లు పోసుకునే ముందు మోకాళ్లకు, నడుముకు, భుజాలకు ఆ నూనె పట్టించేవాడు. వీపుకు నేను రుద్దేదాన్ని. చదివేవాళ్లు ఇక్కడ అయ్యో అంటారేమో. అనుకోండి. అది చెడ్డదని మాకు ఎవరూ చెప్పలేదు, కాబట్టి అది నా తప్పని నేను ఒప్పుకోను. తెలిసినవాళ్లు ఎక్కడో ఉన్నారు. వాళ్లు మా ఊరి దాకా రాలేదు.

ఆ పనిలోకి ఆయన ఇష్టపడి పోలేదు. మాకున్న కాస్త చేనులో శెనక్కాయ వేసేవాళ్లం. వరసగా వానలు తప్పాయి. ఉన్నవాళ్లు బోర్లు వేశారు, లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర కూలికి పోయారు. బోర్లు ఎక్కువైన కొద్దీ ఒక్కొక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద అది మోయలేనన్ని మోటార్లు పడ్డాయి. ఎండాకాలం వస్తే చాలు, అవి ఒకదాని వెనక ఒకటి కాలిపోయేవి. రైతులు ట్రాక్టర్‌లో వేసుకుని షెడ్డుకు తెచ్చి, ఎప్పుడు ఇస్తారని గేటు దగ్గరే పడుకునేవాళ్లు. కరువు ముదిరితే షెడ్డుకు పని ముదిరేది. "దేవుడు వాన ఆపి నాకు కూలి ఇస్తాండాడు" అనేవాడు మా ఆయన. నవ్వుతూ అన్నా, ఆ మాట నాకు గుచ్చుకునేది.

నూనె దించే పని ఆయనదే. రబ్బరు గొట్టం ఒక కొన ట్యాంకులో పెట్టి, రెండో కొనను నోట పెట్టుకుని పీల్చేవాడు. నూనె నోటి దాకా రాగానే గొట్టాన్ని డ్రమ్ములోకి వంచి, నోట్లో పడిన గుక్కను ఉమ్మేసేవాడు. ఎక్కడెక్కడి ట్రాన్స్‌ఫార్మర్ల నూనె అయినా ఆ డ్రమ్ములోకే. ఎప్పటివో తుప్పుపట్టిన పాతవి, నిన్నగాక మొన్న పెట్టిన కొత్తవి, అన్నిటి నూనె కలిసిపోయేది. వడకట్టి మళ్లీ వాటిలోకే పోసేవాళ్లు.

నూనె సంగతి మెల్లగా ఊళ్లో పాకింది. కరెంటు తాగిన నూనె కదా, నొప్పిని లాగేస్తుందన్నారు. కలుపు తీసీ తీసీ మోకాళ్లు అరిగిన ఆడవాళ్లు ముందొచ్చారు. తర్వాత నడుము పట్టేసిన మగవాళ్లు. ఎవరొచ్చినా మా ఆయన లేదనలేదు, దుడ్లు తీసుకోలేదు. సీసా నింపి చేతిలో పెట్టి, ఎట్లా రుద్దుకోవాలో వైద్యుడి మాదిరి చెప్పేవాడు. పుట్టినప్పటినుంచి ఎవరికైనా ఇచ్చే చెయ్యి కాదు ఆయనది. పుచ్చుకునే చెయ్యి. కూలి, అప్పు, చౌకబియ్యం, అన్నీ పుచ్చుకున్నవే. ఈ నూనె ఒక్కటే ఆయన ఊరికి ఇచ్చింది. అది ఇచ్చేటప్పుడు ఆయన నిలబడే తీరే వేరుగా ఉండేది.

మా పక్కింట్లో వరసకు నాకు వదిన అయ్యే మనిషి ఉంది. మొగుడు పోయి చాలా కాలమైంది. మోకాళ్లు వంగవు, నోరు మాత్రం ఎటైనా వంగుతుంది. ఊళ్లో అందరికంటే ఎక్కువ నూనె వాడింది ఆమె.

"ఏమప్పా, నీ ఒంటికి చెద పట్టదంట కదా. రేపు నిన్ను పూడ్చి పెడితే మట్టన్నా తింటాదా?" అని ఒకరోజు అరుగు మీద కూర్చుని అడిగింది.

"తినకపోతే లేసొస్తా. నీకేం కష్టమొచ్చిందమ్మా?"

"నాకేం కష్టం, నా సీసా నింపేదానికి మనిషుంటాడు."

అట్లా ఉండేవి మాటలు.

మొదట ఆయన చెవుల వెనక, చెంపల మీద నల్లటి పొక్కులు లేచాయి. మెత్తగా ఉండేవి కావు, ఆవగింజల్లాగా గట్టిగా. "ముసలోడికి మొటిమలొచ్చె, ఇంగో పెళ్లి చేయండి" అని వదిన గోల చేసింది. మేమూ నవ్వాం. అవి తగ్గలేదు. తగ్గడానికని ఆయన వాటిమీద కూడా నూనే పూశాడు.

తర్వాత అక్కి లేచింది. పక్కటెముకల వెంట నీటిపొక్కులు వరసగా తేలి నిప్పులాగా మండే జబ్బు అది. మా దిక్కున అక్కికి ఆస్పత్రికి పోరు, కుమ్మరి ఇంటికి పోతారు. కుమ్మరి ఎర్రటి జాజుమన్ను నీళ్లలో కలిపి, పొక్కుల మీద పుల్లతో సింహం బొమ్మ గీస్తాడు. మా ఊరి కుమ్మరి పెద్దాయన చెయ్యి మంచిదని పేరు. గీశాడు, తగ్గింది. పంట ఒకటి వచ్చి పోయింది. మళ్లీ లేచింది, ఈసారి నడుము దగ్గర. మళ్లీ గీశాడు, తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఆ ఏడే మూడోసారి మెడ మీద లేచేసరికి ఆయన్ని మెల్లగా నడిపించుకుని పోయాను. కుమ్మరి పెద్దాయన చొక్కా తీయించి చూశాడు. జాజు గిన్నె కలపలేదు.

"అక్కి మనిషికి ఒకతూరి వస్తాదప్పా. మా నాయన కాలం నుంచి రాస్తాండాం. రెండుతూర్లు వచ్చినోళ్లను యాడో ఒకరిద్దర్ని చూసినా. మూడుతూర్లంటే నిన్నే చూస్తాండా. ఇది నా బొమ్మకు బెదిరేది కాదు. పెద్దాసుపత్రికి పో."

"నీ జాజు పాతబడిందేమో మామా" అన్నాడు మా ఆయన.

"జాజు పాతబడదు. నీ ఒళ్లు పాతబడింది. నేను గీసినానంటే నువ్వు ఆసుపత్రికి పోవు. అందుకే గీయను."

ఆ మనిషికి నేను ఇప్పటికీ దండం పెడతాను. చేతకానిది చేతకాదని చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు? కానీ మేము అప్పుడు పోలేదు. మూడో అక్కి దానంతట అదే ఎండిపోయింది, మచ్చ మాత్రం మిగిలింది.

ఆ తర్వాత చేను గట్టు మీద తుమ్మముల్లు దిగింది ఆయన కాలిలో. మా కాళ్లకు ముల్లు కొత్త కాదు. పిన్నీసుతో తీసి, పసుపు పెట్టి మర్చిపోతాం. ఆయన పసుపు బదులు నూనె పెట్టాడు. ముల్లు పోయింది, పుండు పోలేదు. కాలు ఉబ్బింది. అది మానేలోపు దగ్గు. దగ్గు మానేలోపు జ్వరం. కరోనా రోజుల్లో మా ఇద్దరికీ ఒకే బడిలో, ఒకే రోజు టీకా సూదులు వేశారు. తర్వాత ఆ జబ్బు ఇద్దరికీ తగిలితే, నాకు తుమ్ములతో పోయింది. ఆయన్ను మాత్రం మంచంతో పాటు మింగబోయి వదిలింది. అప్పటినుంచి ఊపిరి సగమే.

మాకు ఒక్కతే కూతురు. ధర్మవరంలో మొగుడితో కలిసి పట్టుచీరలు నేస్తుంది. మగ్గం దిగడానికి తీరదు దానికి. అయినా ఒకసారి వచ్చి, నాయన్ను చూసి, చేటలో బియ్యం ఏరుతున్న నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాయన ఒంట్లో ఏముండాదమ్మా? చొక్కా కొంకికి తగిలించినట్టుండాడు."

"చెప్తే వింటాడా?"

"వినకపోతే ఎత్తుకుపోతా" అంది. అట్లాగే ఆటోలో ఎక్కించి అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ రక్తం తీశారు, ఎక్స్‌రే ఫొటో తీశారు. షుగరు లేదన్నారు. క్షయ లేదన్నారు. పెద్దరోగం, అదే ఎయిడ్స్, దాని పరీక్ష కూడా చేసి, అదీ లేదన్నారు. అది చేస్తున్నామని చెప్పినప్పుడు మా ఆయన తల ఎత్తలేదు. గోడల మీద రాసి ఉన్నవన్నీ నేను చదువుతూ కూర్చున్నాను. కూతురి పెళ్లయ్యాక, ఊళ్లో సాయంత్రం బడి పెట్టినప్పుడు నేర్చుకున్న అక్షరాలు నావి. కూడబలుక్కుని చదవాలి. మా ఆయన ఆ బడికి రాలేదు. "నువ్వు చదువుకో, నాకు చెప్పు, సగం కష్టం తప్పుతాది" అన్నాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. మా కూతురి కంటే చిన్నది. చెవుల వెనక పొక్కులు చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది, పెద్దాయన ఏం పని చేస్తారని.

చాలా రోజుల తర్వాత ఆయన మొహం వెలిగింది. ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి, గొట్టం పీల్చే సంగతి, చెద పట్టని సంగతి, ఒంటికి రుద్దుకునే సంగతి, అన్నీ చెప్పాడు. ఆమె రాసుకోవడం ఆపేసి వింది. విన్నాక నావైపు తిరిగింది, నేను కొంచెం గట్టిగా కనిపించానేమో.

"అమ్మా, పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్లు కొన్నింట్లో నిప్పు అంటుకోకుండా ఒక రకం రసాయనం వాడేవాళ్లు. తర్వాత ఆపేశారు. కానీ పాత నూనె కొత్తదాంట్లో కలిస్తే కొంచెం కొంచెంగా అన్నింట్లోకీ పోతుంది. అది మట్టిలో కరగదు, నీళ్లలో కరగదు. మనిషి ఒంట్లోకి పోతే కొవ్వులో చేరి అక్కడే ఉండిపోతుంది."

"ఉండి ఏం చేస్తాది?"

"మన ఒంట్లో రోగాన్ని అడ్డుకునే శక్తి ఒకటి ఉంటుంది కదమ్మా, చేనుకు కాపలా ఉన్నట్టు. దాన్ని మెల్లగా మొద్దు చేస్తుంది. అప్పుడు ముల్లు గుచ్చుకున్నా మానదు. తగ్గిన అక్కి మళ్లీ లేస్తుంది. టీకా సూది వేస్తే ఆ కాపలాకు దొంగను గుర్తుపట్టడం నేర్పినట్టు. మొద్దుబారిన కాపలా సరిగ్గా నేర్చుకోదు."

నేను తల నెరిశాక నేర్చుకున్నాను. ఆయన ఒళ్లు నేర్చుకోలేకపోయింది. ఆ బల్ల మీద కూర్చుని అదే అనుకున్నాను.

"అయితే ఆ నూనె వల్లే వచ్చిందని రాసియ్యమ్మా" అంది కూతురు.

"రాయలేనమ్మా. రక్తంలో అది ఉందో లేదో చూసే పరీక్ష ఇక్కడ లేదు. ఉందని తేలినా, దానివల్లే అని నూటికి నూరు చెప్పలేం. నాకు అనుమానం ఉంది. అంతే చెప్పగలను."

"అది బయటికి పోయేదానికి మందు?" అన్నాను.

"లేదమ్మా."

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. నాకది నచ్చింది.

మా ఆయన ఒక్కటే అడిగాడు. "అమ్మా, తాగకుండా ఉత్త రుద్దుకున్నోళ్లకు కూడానా?"

"చర్మం నుంచి కూడా లోపలికి పోతుంది పెద్దాయనా. అందరికీ ఒకేలా చేయదు. కానీ ఎవరైనా వాడుతుంటే ఆపేయమని చెప్పండి. ఆ నూనె కాల్చొద్దు, నేలమీద పారబోయొద్దు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చున్నాడు. గాలిమరలు కనిపించాక వేళ్లు మడిచి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మొదట నాకు అర్థం కాలేదు. నూనె ఇచ్చిన ఇళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. వేళ్లు చాలక మళ్లీ మొదటికి వచ్చాడు.

"నాకు వచ్చినాది నాకు. వాళ్లు నన్ను నమ్మి పూసుకున్న్యారే" అన్నాడు.

తన ప్రాణం గురించి ఆ తర్వాత ఆయన ఒక్కరోజు కూడా మాట్లాడలేదు. ఇచ్చిన సీసాలన్నీ తాను ఉండగానే వెనక్కి రావాలి, అదొక్కటే పట్టుకున్నాడు. మర్నాడే చేతికర్ర పట్టుకుని, భుజానికి సంచి తగిలించుకుని బయల్దేరాడు. పది అడుగులేసి నిలబడి దగ్గడం, మళ్లీ నడవడం. నేను వెనకే పోయాను.

సులభం అనుకున్నాను. ఊరిని నేను తప్పు అంచనా వేశాను.

ఒక ఇంటాయన అన్నాడు: "ఇచ్చింది ఎవరన్నా ఎనక్కి అడుగుతారాన్నా? యాడన్నా అమ్ముతాండావేమో చెప్పు, మేమే అమ్ముకుంటాం."

ఇంకో ఇంట్లో సీసా లేదు, ఎద్దు మెడ పుండుకు పూసి అయిపోయిందన్నారు. ఒకామె సీసా తెచ్చి ఇస్తూ, "అయితే దీన్ని దీపంలో కాల్చేదా?" అంది. ఆయన బెదిరిపోయి లాక్కున్నాడు. కొంతమంది ఆయన దగ్గు చూసి భయపడి ఇచ్చారు, నూనె చూసి కాదు. అంటుకుంటుందని, సీసా గడపలో పెట్టి తలుపు వేసుకున్నారు. వాళ్లకు నూనె పోసేటప్పుడు అన్నా, మామా అన్న నోళ్లే అవి. ఆయనేమీ అనుకోలేదు. సీసా సంచిలో పడితే చాలు.

వదిన ఇల్లు ఆఖరికి పెట్టుకున్నాడు. ఆమె మాట వింటుందని ధీమా.

ఆమె మంచం మీద కాళ్లు చాపుకుని ఉంది. అంతా విని, మోకాళ్ల మీద చీర సర్దుకుంది.

"నిన్ను చూస్తే భయమేస్తాదప్పా, నిజమే. కానీ పొద్దున్నే లేసి ఈ మోకాళ్లను చూసుకుంటే ఇంగా భయమేస్తాది. నీళ్ల బిందె ఎవరు తెస్తారు నాకు? నువ్వు తెస్తావా?"

"ఆ నూనె విసమంటమ్మా. డాక్టరమ్మ చెప్పినాది."

"రాసిచ్చిందా?"

ఆయన నావైపు చూశాడు.

"రాసియ్యలే" అన్నాను.

"చూసినావా. ఆయమ్మకే నమ్మకం లేదు. ఇన్నేండ్లు పూసుకుంటి, నాకేమైంది? నువ్వు గొట్టం పీల్చినావు, తాగినావు. నేను తాగలేదు కదా."

చర్మం నుంచి కూడా పోతాదంట, అందరికీ ఒక తీరుగా చేయదంట అని ఆయన చెప్పినా ఆమె నమ్మలేదు. డాక్టరమ్మే వచ్చి చెప్తే నమ్మేదేమో. ఆయన గడపలో నిలబడి చాలాసేపు దగ్గాడు. వదిన లేచి చెంబుతో నీళ్లిచ్చింది. సీసా ఇవ్వలేదు.

వచ్చిన సీసాలన్నీ ఒక ప్లాస్టిక్ క్యానులోకి వంపాం. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కాల్చకూడదు, పారబోయకూడదు. ఆయన షెడ్డుకు మోయించుకుని పోతే, షెడ్డు ఆసామి "దానికింత రాద్ధాంతమా, ఆ డ్రమ్ములో పోసిపో" అన్నాడట. పోస్తే మళ్లీ ఏ ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతుందో, ఏ మోకాలికి చేరుతుందో అని ఆయన పోయలేదు. తిరిగి తెచ్చి దొడ్లో కోళ్లగూటి పక్కన పెట్టి, పైన బండ ఎత్తి పెట్టాడు. ఎత్తాక అక్కడే కూలబడ్డాడు. అదే ఆయన చేసిన ఆఖరి బరువు పని. ఆ క్యాను ఇంకా అక్కడే ఉంది. కోళ్లను అమ్మేశాను.

మళ్లీ జ్వరం వచ్చింది, ఈసారి దిగలేదు. ఊపిరితిత్తుల్లో నీరన్నారు. మందులు మార్చారు. పెద్దాసుపత్రిలో కొన్నాళ్లుంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం మాకందరికీ తెలుసు. చిన్నపిల్లలకు వచ్చే నోటిపూత ఆయనకు వచ్చింది. సంగటి మింగలేడు, అంబలి పోస్తే సగం బయటికి వచ్చేది. నాలుక తుడిచేటప్పుడు, ఊళ్లో బడి పిల్లలు కూడా తట్టుకునే జబ్బులు ఒక్కొక్కటి వచ్చి ఈయన మీద కూర్చుంటున్నాయే అని ఏడుపొచ్చేది. తలుపులు తీసి పెట్టి కాపలా పోయిన ఇల్లు ఆయన ఒళ్లు.

కూతురు మగ్గం ఆపి వచ్చింది. ఆఖరి రోజు మధ్యాహ్నం నాయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయన కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"పక్కింటామె ఇచ్చిందా?"

"ఇయ్యలే."

"అడుగు."

"అడుగుతా. నువ్వు పడుకో."

"ఇచ్చిందని అబద్ధం చెప్పకపోతివే" అన్నాడు. నవ్వబోయాడు, అది దగ్గయింది. పొద్దు వాలకముందే పోయాడు.

ఊరు వచ్చింది. గడపలో సీసా పెట్టి తలుపేసుకున్నవాళ్లూ వచ్చారు. వదిన గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగు ఈడ్చుకుంటూ వచ్చింది. నా పక్కన చతికిలబడి, నన్ను రెండు చేతులతో దగ్గరికి లాక్కుని ఏడ్చింది. ఆమె చీర నుంచి, చేతుల నుంచి ఆ నూనె వాసన వచ్చింది. పొద్దున రుద్దుకున్నట్టుంది. ఇన్నేళ్లు నా పక్కన పడుకున్న మనిషి వాసన అది. ఆస్పత్రి మందులు ఆయన ఒంటి మీద దాన్ని ఎప్పుడో చెరిపేశాయి. నేను ఆమెను వదలలేకపోయాను. ఎవరో విడదీయబోతే కూడా వదల్లేదు. ఆ రోజు ఆమెను సీసా అడగలేదు.

దినాలు అయ్యాక పోయి అడిగాను.

"మొగుడు పోయినా నీకు బుద్ధి మారలేదే" అంది. "సరే, ఇస్తా. నువ్వు రోజూ వచ్చి నా మోకాళ్లు పిసుకుతావా?"

"పిసుకుతా."

"ఉత్త శెనక్కాయ నూనెతోనా? అది బోండాలకు."

"బోండాలు మళ్లా చేద్దాం, కాళ్లు చాపు" అన్నాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం పోతాను. శెనక్కాయ నూనె వెచ్చబెట్టుకుని పోయి ఆమె మోకాళ్లు పిసుకుతాను. నా చేతులూ ముసలివే, తొందరగా నొప్పి పుడతాయి. సీసా ఎక్కడని అడిగితే అయిపోయిందంటుంది. అటక మీద దుప్పటి మడత పక్కన అది నాకు కనిపిస్తూనే ఉంటుంది. నేను ఇంటికి వచ్చేశాక కిందికి దించుతుందో, దించి ఎంత పూసుకుంటుందో తెలియదు. నేను పిసికే కొద్దీ దాని అవసరం తగ్గుతుందని నా ఆశ. ఆమె మాత్రం నిన్న కూడా, "ఇది నొప్పిని లాగడంలే, ఆయప్ప నూనె లాగేది" అంది.

"లాగేది నిజమే" అని, రెండో మోకాలు పట్టుకున్నాను.